మంచూ నిప్పూ మోసిన రైలు

జూన్ 21 దగ్గరపడిందంటే బెంగళూరు వసంతనగర్‌లో, తిమ్మయ్య రోడ్డు మీదున్న అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఆవరణకు గిటార్లు భుజాన వేసుకుని కుర్రాళ్లు వస్తారు. ఫ్రెంచివాళ్లకు అది సంగీతపు పండుగ. 1982లో, జాక్ లాంగ్ అక్కడ సంస్కృతీ శాఖ మంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది. టిక్కెట్టు ఉండదు. వాయించడం వచ్చినవాడు వీధిలోకి వచ్చి వాయిస్తాడు, దారిన పోయేవాడు నిలబడి వింటాడు. ఆ పండుగ సముద్రాలు దాటి మన ఊరికీ చేరింది. తొలకరి జల్లుకు తడిసిన చెట్ల కింద, ఇంకా సరిగా శ్రుతి కుదరని చేతులతో ఆ పిల్లలు వాయిస్తుంటే నిలబడి వినడం నాకిష్టం.

ఆ తేదీ వచ్చినప్పుడల్లా నాకు ఒక మనిషి గుర్తొస్తాడు. మాను చావో 1961 జూన్ 21న పారిస్‌లో పుట్టాడు. ఆ పేరు మన దగ్గర కొత్తదేమీ కాదు. బ్రిగేడ్ రోడ్డు పక్క సందుల్లోని పబ్బుల్లో అతని 'క్లాండెస్తినో' పాట వినని సాయంత్రం ఉండని రోజులున్నాయి. స్పానిష్ ముక్క రానివాళ్లు కూడా పల్లవి అందుకునేవాళ్లు. కానీ ఆ ఒంటరి గొంతు వెనక కూలిపోయిన ఇల్లొకటి ఉందని, ఎనిమిది మంది కాపురమున్న ఆ ఇంటి పేరు మానో నేగ్రా అని, ఎక్కువమందికి తెలియదు. ఆ ఇల్లు ఎలా లేచిందో, ఎలా పడిపోయిందో చెప్పాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.

మానో నేగ్రా అంటే స్పానిష్‌లో నల్ల చెయ్యి. 1880ల్లో స్పెయిన్ దక్షిణాన, ఆండలూసియాలో, భూస్వాములను ఎదిరించిన పేద రైతుల రహస్య సంఘమంటూ అక్కడి ప్రభుత్వం వెంటాడిన పేరు అది. ఆ పేరు పెట్టుకున్న పిల్లలు మాత్రం పారిస్ పొలిమేరల్లో పెరిగారు. మాను తండ్రి రామోన్ చావో స్పెయిన్‌లోని గలీసియా నుంచి వచ్చిన రచయిత, పాత్రికేయుడు, ఫ్రాన్స్ అంతర్జాతీయ రేడియోలో పనిచేసినవాడు. తల్లి బాస్క్ దేశపు ఆడపడుచు. ఆమె తండ్రికి నియంత ఫ్రాంకో పాలనలో మరణశిక్ష పడింది. లాటిన్ అమెరికా నియంతల నుంచి పారిపోయి వచ్చిన కవులు, రచయితలు ఆ ఇంటికి వచ్చిపోయేవాళ్లు. అన్నం పెట్టిన చేతులు ఒక భాషవి, బడిలో పాఠం మరో భాషలో, వీధిలో ఆటపాటలు అరబ్బుల, ఆఫ్రికన్ల పిల్లలతో. ఈ ఇంటి పిల్లలే మాను, అతని తమ్ముడు ఆంత్వాన్. వాళ్లకు తోడు వరసకు సోదరుడైన సాంతియాగో కాసారియేగో. మాను పాడేవాడు, గిటార్ వాయించేవాడు. ఆంత్వాన్‌ది ట్రంపెట్, సాంతియాగోవి డ్రమ్స్. 1987లో ముగ్గురూ కలిసి బృందం కట్టారు. తర్వాత బాస్, గిటార్, కీబోర్డు, ట్రాంబోన్, తాళవాద్యాలు వచ్చి చేరి ఎనిమిది మంది అయ్యారు.

వాళ్లు వాయించిన సంగీతానికి అప్పటికి పేరు లేదు. లండన్ నుంచి పంక్ వచ్చింది. మూడే కార్డ్‌లు, వేగం, కోపం. జమైకా నుంచి రెగే వచ్చింది. రెండో దెబ్బ మీద ఊగే ఆ నడక, బానిసల మనవలు పాడుకున్న విమోచన. న్యూయార్క్ వీధుల నుంచి ర్యాప్. వీటిలో అల్జీరియా పాట, ఆండలూసియా చప్పట్లు, సర్కస్ బాకాలు కలిసిపోయాయి. ఒకే పాటలో రెండు మూడు భాషలు దొర్లేవి. ఈ కలగాపులగానికి వాళ్లే 'పచాంకా' అని పేరు పెట్టారు. 1988లో వచ్చిన తొలి ఆల్బమ్ పేరూ అదే.

బెంగళూరులో కొన్నేళ్లు ఉన్న తెలుగువాడికి పచాంకా అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. శివాజీనగర్‌లో రస్సెల్ మార్కెట్ ముందు పది నిమిషాలు నిలబడితే చాలు. బేరం కన్నడంలో మొదలై, దక్కనీలో వేడెక్కి, తమిళంలో తిట్టుకుని, తెలుగులో రాజీపడి, ఇంగ్లీషులో లెక్క తేలుతుంది. ఎవరి నాలుకా మైలపడదు. ఏ భాషా నష్టపోదు. మానో నేగ్రా ఆ బజారును వేదిక మీదికి ఎక్కించింది. అందుకే నాకు వాళ్లు పరాయివాళ్లుగా ఎప్పుడూ అనిపించలేదు.

'పచాంకా'ను ఒక చిన్న సంస్థ విడుదల చేసింది. దాని పేరుకు ఫ్రెంచిలో కసాయి దుకాణమని అర్థం. నడిపినవాడు ఫ్రాన్స్వా హాజీ-లాజారో, తనూ పాటగాడే. ఆ ఆల్బమ్‌లోని 'మాలా విదా' ఫ్రాన్స్ అంతా మోగింది. వెంటనే పెద్ద కంపెనీ వర్జిన్ పిలిచింది. చిన్న సంస్థల్లోనే ఉండాలని పట్టుబట్టే పంక్ లోకంలో కొందరికి అది నచ్చలేదు. వీళ్లు మాత్రం డబ్బు తీసుకుని, తమ పద్ధతిని తమ దగ్గరే ఉంచుకున్నారు. 1989లో రెండో ఆల్బమ్ వచ్చింది. దానిలో ర్యాప్ నడకలో సాగే 'కింగ్ కాంగ్ ఫైవ్' యూరప్ కుర్రకారును ఊపేసింది. 1991లో మూడోది, 'కింగ్ ఆఫ్ బాంగో'. అదే ఏడాది జపాన్‌లో, కవాసాకీ నగరంలో వాళ్లు చేసిన కచేరీ రికార్డయింది. మరుసటేడు విడుదలైన ఆ ఆల్బమ్ వింటే పాటకూ పాటకూ మధ్య ఊపిరి తీసుకునే చోటు కనపడదు. ఒక పాట చివరి దెబ్బ పడకముందే రెండోది దూకుతుంది. ఎనిమిది మంది ఒకే ఒంటితో పరుగెత్తుతున్నట్టు ఉంటుంది. మానో నేగ్రా వేదిక మీద ఏమిటో తెలియాలంటే అది వినాలి. నా లెక్కలో వాళ్ల శిఖరం అదే.

శిఖరం మీద ఉన్నవాడికి లోకం చూపించే దారి ఒక్కటే. ఇంకా పెద్ద హాళ్లు, ఇంకా పెద్ద దేశాలు. అంతకుముందే, 1990లో, అమెరికా వెళ్లి, రాక్ గాయకుడు ఇగ్గీ పాప్ కచేరీలకు ముందు వాయించే బృందంగా తిరిగారు. వచ్చినవాళ్లు ఇగ్గీ కోసం వచ్చారు. వీళ్ల స్పానిష్ ఎవరికీ పట్టలేదు. ఆ ప్రయాణం వాళ్ల మనసు విరిచింది. ఇంగ్లీషు మాట్లాడే లోకాన్ని గెలవాలన్న కోరికను అక్కడే వదిలేశారు. అంతవరకైతే ఏ బృందానికైనా జరిగేదే. ఆ తర్వాత వాళ్లు పెద్ద హాళ్లకే వీపు తిప్పారు. పారిస్ పిగాల్ పేటలోని చిన్న చిన్న చోట్లలో వాయించారు. వలస కూలీల వాడల్లో, ప్రభుత్వం కట్టించి మరిచిపోయిన అపార్టుమెంట్ల మధ్య డేరా వేసుకుని వాయించారు. జనం మన దగ్గరికి రావడం కాదు, మనమే జనం దగ్గరికి వెళ్లాలి అన్న పట్టుదల అప్పుడు పుట్టింది. వాళ్ల గొప్పతనమంతా దానిలోనే ఉంది. వాళ్ల పతనమూ అక్కడే మొదలైంది.

1992. కొలంబస్ అమెరికా ఒడ్డున దిగి అయిదు వందల ఏళ్లు. యూరప్ అంతా ఉత్సవాలు. ఫ్రాన్స్‌లోని నాంత్ రేవు నుంచి ఒక సరుకుల ఓడ బయలుదేరింది. దాని మీద మానో నేగ్రాతో పాటు రోయాల్ దె లుక్స్ అనే వీధి నాటక బృందం, ఫిలిప్ దకూఫ్లే నాట్య బృందం, ఫిలిప్ జాంతీ బొమ్మలాట బృందం ఉన్నాయి. ఓడ కడుపులో నాంత్ నగరపు వీధి ఒకదాన్ని, గోడలతో దుకాణాలతో సహా, తిరిగి కట్టారు. లాటిన్ అమెరికా రేవుల్లో ఓడ ఆగేది. జనం ఆ ఓడలోకి దిగి ఫ్రెంచి వీధిలో నడిచేవాళ్లు, బయట కచేరీ జరిగేది. ఓడ పేరు మెల్కియాడెస్. కొలంబియా రచయిత గార్సియా మార్కెస్ నవల 'నూరేళ్ల ఏకాంతం'లో మాకోందో అనే ఊరికి లోకంలోని వింతలు మోసుకొచ్చే జిప్సీ పేరది.

ఇది చదువుతున్న కడప జిల్లా వాళ్లకు సురభి గుర్తొచ్చి ఉంటుంది. 1885లో సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలైన ఆ నాటక సమాజం, కుటుంబాలకు కుటుంబాలే తెరలూ, కిరీటాలూ, పసిపిల్లలతో సహా ఊరూరా తిరిగింది. వేదిక వెనకే వంట, వేదిక వెనకే పురుళ్లు. అలా తిరిగేవాళ్లకు ఒకటి తెలుసు. బండి కదులుతున్నంత కాలం అందరూ ఒక్క కుటుంబం. అలసట ముదిరిన నాడు మాత్రం చిన్న మాట కూడా పెద్ద గాయమవుతుంది. సురభిని రక్తసంబంధం నిలబెట్టింది. మానో నేగ్రాలో ఆ బంధం ముగ్గురికే ఉంది.

ఓడలో తిరిగి వచ్చాక మిగతావాళ్లు కొంత ఊపిరి తీసుకుందామనుకున్నారు. మాను మాత్రం అప్పటికే కొలంబియా పట్టాల గురించి కలలు కంటున్నాడు.

కొలంబియాలో అప్పటికి ఏళ్ల తరబడి రైల్వే శిథిలమవుతూ వచ్చింది. కరీబియన్ తీరపు సాంతా మార్తా నుంచి కొండల మీద ఉన్న రాజధాని బొగొతా దాకా ఉన్న ఆ సుదీర్ఘమైన లైను మీద ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. స్టేషన్ల చుట్టూ కట్టుకున్న ఊళ్లు స్టేషన్లతో పాటే వాడిపోయాయి. ఆ దారంతా గెరిల్లాలు, వాళ్లను వేటాడే ప్రైవేటు సైన్యాలు, కొకైన్ వ్యాపారులు. వాడి పారేసిన పెట్టెలను బాగుచేసి, రంగులు వేసి, ఆ పట్టాల మీద ఒక రైలు నడపాలని, ఆగిన ప్రతి ఊళ్లోనూ ఉచితంగా ఆడి పాడాలని అనుకున్నారు. 1993 చివర్లో అది నిజంగా నడిచింది. దానికి మంచూ నిప్పూ రైలని పేరు.

ఆ పేరు ఊరికే పెట్టింది కాదు. ఒక పెట్టెను చల్లబరిచి లోపల మంచు ప్రదర్శన పెట్టారు. మార్కెస్ నవల మంచు జ్ఞాపకంతోనే మొదలవుతుంది. ఉక్కపోత తప్ప మరేదీ ఎరగని ఊళ్లో తండ్రి తన కొడుకును మంచుగడ్డ చూపించడానికి తీసుకెళ్తాడు. ఆ మాకోందోకు మూలమైన ఊరు అరకతాకా, మార్కెస్ పుట్టిన ఊరు, ఈ లైను మీదే ఉంది. ఆ ఊరి పిల్లలు మంచు పెట్టె ఎక్కి, ఒళ్లు జలదరించి, మళ్లీ ఎండలోకి దిగారు. కథలో రాసినది ఆ ఊరికే తిరిగి వచ్చింది. రైల్లో ఇంకో పక్క నిప్పులు కక్కే యంత్రపు ఉడుము, ట్రపీజు విన్యాసాలు, పచ్చబొట్లు పొడిచే పెట్టె. దాదాపు వంద మంది మనుషులు. అర్జెంటీనా నుంచి వచ్చిన రెగే గాయకుడు ఫిదేల్ నదాల్ కూడా వాళ్లలో ఉన్నాడు. అందరిలోకీ పెద్దవాడు రామోన్ చావో. దాదాపు అరవై ఏళ్ల వయసులో కొడుకు వెంట నోటు పుస్తకం పట్టుకుని రైలెక్కాడు.

ఆ రైలు గురించి తండ్రి రాసి పెట్టకపోతే ఇవాళ మనకు మిగిలేది తక్కువ. ఆయన పుస్తకం 1994లో ఫ్రెంచిలో వచ్చింది. అలాంటి తండ్రులు అరుదు. కొడుకు కల కూలుతుంటే అడ్డుపడకుండా, పొగడకుండా, పక్కన కూర్చుని చూసినది చూసినట్టు రాయడం ఎంత కష్టమో పిల్లలున్నవాళ్లకు తెలుసు.

రైలు నత్తనడకన పాకేది. పట్టాలు తప్పేది. ఎత్తి పెట్టి, మళ్లీ నడిపేవాళ్లు. వేడి, దోమలు, జ్వరాలు. మురికి నీళ్లు. ఏ రాత్రి ఎక్కడ ఆగుతామో తెలియని పడక. ఏ ఊరు ఎవరి చేతిలో ఉందో, ఎవరి అనుమతి అడగాలో తెలియని భయం. ఆ రోజుల్లోనే, 1993 డిసెంబర్ 2న, మెదెయీన్ నగరంలో కొకైన్ వ్యాపారి పాబ్లో ఎస్కోబార్‌ను పోలీసులు కాల్చి చంపారు. దేశమంతా ఊపిరి బిగబట్టిన సమయం. అలాంటి నేలలో, తుపాకులు మోసేవాళ్లు కూడా పిల్లల్ని ఎత్తుకుని వచ్చి నిలబడి పాట విన్నారంటే దానికి విలువ కట్టగల వర్తకుడెవడు?

కానీ రైలు ముందుకు పోతున్నకొద్దీ బృందం తరిగిపోయింది. కొందరు దారిలోనే దిగిపోయారు. వాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లు పిరికివాళ్లు కారు. ఆరేళ్లుగా ఎక్కడ నిద్రపోతే అక్కడే ఇల్లనుకుని బతికినవాళ్లు. సంగీతం వాయించడానికి వచ్చినవాళ్లకు చివరికి రైలును బతికించడమే పనైపోయింది. నిర్ణయాలు అందరూ కలిసి తీసుకోవాలన్న మాట మీద కట్టుకున్న ఇల్లు అది. ఇప్పుడు కల ఒక్కడిది, మోత ఎనిమిది మందిది. మాను ఆగలేడు, మిగతావాళ్లు నడవలేరు. ఇద్దరిదీ న్యాయమే. ఒకడు దుర్మార్గుడై ఇంకొకడు మంచివాడైతే ఇంత బాధ ఉండదు. చివరికి సొంత తమ్ముడు ఆంత్వాన్ కూడా తప్పుకున్నాడు. పారిస్ శివార్లలో ఒకే కంచం దగ్గర మొదలైన బృందం అలా చెదిరిపోయింది.

1994లో 'కాసా బాబిలోన్' వచ్చింది. మానో నేగ్రా చివరి ఆల్బమ్. లాటిన్ అమెరికా దుమ్మంతా దానిలో ఉంది. రేడియోల గోల, ఫుట్‌బాల్ మైదానాల హోరు, మారడోనా పేరు, ఊళ్లకు ఊళ్లను మింగిన దొరల మీద పాడిన 'సెన్యోర్ మతాన్సా'. పంక్, రెగే, ర్యాప్ అప్పటిదాకా పక్కపక్కన నిలబడేవి, ఇక్కడ ఒకదానిలో ఒకటి కరిగిపోయాయి. ఏ బృందమైనా జీవితకాలం ఎదురుచూసే రికార్డు అది. అది బయటికి వచ్చేసరికి, వేదికలెక్కి ఆ పాటలు పాడటానికి బృందమే లేదు. గోపురం మీద కలశం పెట్టేనాటికి గుడి కింద పునాది కదిలిపోయింది.

తర్వాతి సంగతులు చెప్పడానికి మనసు రాదు. పేరు ఎవరిదన్న తగువు మొదలైంది. మాను అదే పేరుతో కొత్తవాళ్లతో ముందుకు పోదామనుకున్నాడు. పాతవాళ్లు ఒప్పుకోలేదు. అన్నదమ్ములూ స్నేహితులూ లాయర్లతో మాట్లాడుకునే దాకా పోయింది. ఎవడి సొత్తూ కాదని చాటిన సంగీతం మీద హక్కుల తగువు. 1995లో ఆ పేరును మూసేశారు. మాను మాడ్రిడ్ వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొన్నేళ్లు అతను చేతిలో పట్టే చిన్న రికార్డింగు సామానుతో ఊళ్లు తిరిగాడు. ఆ తిరుగుళ్లలో పుట్టిన 'క్లాండెస్తినో' 1998లో వచ్చి, మెల్లగా, నోటి మాట మీద లోకమంతా పాకింది. లక్షల్లో అమ్ముడైంది. దొంగచాటుగా సరిహద్దులు దాటే కూలీ గొంతు అది. అందుకే గల్ఫ్‌కు వెళ్లిన మనవాళ్ల కథ తెలిసిన ఎవరికైనా అది గుచ్చుకుంటుంది. కానీ ఆ పాట వింటున్నప్పుడు నాకు వినిపించేది లేనివాళ్ల చప్పుడు. ట్రంపెట్ లేదు. డ్రమ్స్ మీద సాంతియాగో లేడు. ఒక గిటార్, ఒక మనిషి, వెనకాల రేడియో గొంతులు. ఊరంతా ఖాళీ అయిన తర్వాత వసారాలో కూర్చుని పాడుకున్నట్టు ఉంటుంది. లోకం దాన్ని విజయమంది. నేను దాన్ని దుఃఖమంటాను. మాను చావో ఒక్కడుగా గొప్పవాడే. మానో నేగ్రా అంతకన్నా గొప్పది.

ఆంత్వాన్ ఫ్రాన్స్ ప్రభుత్వ రేడియోలో పాత్రికేయుడయ్యాడు, తండ్రి దారిలో. రామోన్ చావో 2018 మేలో బార్సిలోనాలో కన్నుమూశారు. తొలి ఆల్బమ్ విడుదల చేసిన హాజీ-లాజారో 2023 ఫిబ్రవరిలో పోయాడు.

ఈ కథ బెంగళూరులో కూర్చుని రాయడానికి కారణం ఉంది. ఈ ఊరూ ఒకప్పుడు పాటల ఊరే. 2005లో కర్ణాటక ప్రభుత్వం బహిరంగ వినోద స్థలాల మీద లైసెన్సు ఉత్తర్వు తెచ్చింది. 2018 జనవరి 25న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ ఏడాది ఆ లైసెన్సు లేని చాలా పబ్బుల్లో వేదికల మీద దీపాలు ఆరిపోయాయి. 2019లో ఇందిరానగర్‌లోని హమ్మింగ్ ట్రీ మూతపడింది. ఎందరో కుర్రాళ్లు తొలిసారి మైకు పట్టుకున్న చోటు అది. బృందాలు వాయించడానికి చోటు లేక చస్తాయి, చోటు వెతుక్కుంటూ పోయీ చస్తాయి. మానో నేగ్రాది ఆ రెండో చావు. ఆ రెండింటిలో మర్యాదైనది అదేనని నా నమ్మకం.

వచ్చే జూన్ 21కి వసంతనగర్ వైపు వెళ్తే, చెట్టు కింద వాయిస్తున్న పిల్లల దగ్గర ఒక పాట పూర్తయ్యేదాకా నిలబడండి. అయిదారుగురు కలిసి ఒకే తాళం మీద నిలబడటం చూడండి. మానో నేగ్రాలోని ఆ ఎనిమిది మంది ఆ పేరుతో మళ్లీ ఒక్క వేదిక ఎక్కలేదు.